అప్పుల్లో మునిగిన ఫిజీ రాజ్యం.. మూడేళ్లకే ముగిసిన పాలన! తెలుగువాళ్లు అక్కడికి ఎలా చేరారంటే..

పసిఫిక్ సముద్రంలో 300కు పైగా దీవుల దేశం ఫిజీ. ఇప్పుడు అక్కడ రాజు లేడు. కానీ ఒకప్పుడు ఈ దీవులన్నీ ఒకే రాజు కింద ఉండేవి. ఆ రాజ్యం నిలిచింది మూడేళ్లే. అది కూలిన తర్వాతే మనవాళ్ల ఫిజీ ప్రయాణం మొదలైంది. అసలేం జరిగిందంటే..

రాజు ఎవరు?

ఒక్కో ప్రాంతానికి ఒక్కో దొర ఉన్న రోజులవి. బావూ దీవి దొర రాటు సేరు థకొంబౌ మిగతావాళ్లపై పైచేయి సాధించాడు. 1854లో క్రైస్తవం తీసుకున్నాడు. 1871 జూన్‌లో లెవుకా రాజధానిగా ఫిజీ రాజ్యం ఏర్పాటైంది. ఆయన పెద్ద ప్రత్యర్థి, టోంగాకు చెందిన మాఆఫు కూడా ఆ పాలన కిందికి వచ్చాడు.

అప్పు ఎలా వచ్చింది?

1849లో అమెరికా ప్రతినిధి జాన్ విలియమ్స్ ఇల్లు కాలిపోయింది, సామాన్లు దోచేశారు. ఆ నష్టం థకొంబౌ కట్టాలని అమెరికా పట్టుబట్టింది. మిగతా క్లెయిములు కూడా కలిపి లెక్క 40 వేల డాలర్లు దాటింది. రాజ్యం వచ్చాక కూడా ఖజానా ఖాళీయే. తెల్ల ప్లాంటర్లు పన్నులకు ఎదురు తిరిగారు. చివరికి 1874 అక్టోబర్ 10న ఫిజీని బ్రిటన్‌కు అప్పగించేశారు.

చెరకు కోసం మనవాళ్లు

గవర్నర్ ఆర్థర్ గోర్డన్ స్థానికుల భూముల అమ్మకం ఆపేశారు. వాళ్లను తోటల్లో కూలీలుగా వాడటాన్నీ కట్టడి చేశారు. మరి చెరకు కొట్టేదెవరు? సమాధానం ఇండియా. 1879లో లియోనిడాస్ ఓడలో మొదటి బ్యాచ్ దిగింది. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా తెలుగు, తమిళ కూలీలు వెళ్లారు. ఐదేళ్ల అగ్రిమెంటు.. వాళ్ల నోట్లో అది 'గిర్మిట్' అయింది. 1916 వరకు మొత్తం 60 వేల మందికి పైగా వెళ్లారు. బోధన్‌లో నిజాం షుగర్స్ రాకముందే తెలుగు చేతులు ఫిజీలో చెరకు నరికాయన్నమాట.

ఇప్పటికీ తేలనిది భూమే

ఫిజీలో 80 శాతానికి పైగా భూమి స్థానిక తెగలదే. దాన్ని అమ్మడానికి లేదు. గిర్మిట్ కూలీల పిల్లలు చాలామంది కౌలు భూముల్లోనే చెరకు పండించారు. 1997 నుంచి 30 ఏళ్ల కౌళ్ల గడువు ముగుస్తూ వచ్చింది. రెన్యువల్ దొరకని కుటుంబాలు తరతరాలుగా ఉన్న పొలాలు వదిలి వెళ్లాల్సి వచ్చింది. స్థానికులకు మాత్రం అదే చట్టం తాతల భూమిని నిలబెట్టింది.