పాత ల్యాప్‌టాపు ఛార్జి అప్పగింత



ప్రత్యేక సంచికకు సర్వీసు నాటి చరిత్ర ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. సమ్మెల గురించి, పే కమిషన్ల గురించి నాకన్న తెలిసినవారు వ్రాస్తారు గనుక నేను మా ఇంట్లోని పాత ల్యాప్‌టాపు గురించి వ్రాయదలచాను. ఇదేమి చరిత్ర అని నవ్వకండి. దీని కడుపులో 1977 నాటి దివిసీమ ఉప్పెన ఉంది.

ఈ ల్యాప్‌టాపు 2012లో మా చిన్నవాడు కొనిపెట్టినది. అప్పుడు విండోస్ 7తో వచ్చింది. తరువాత విండోస్ 10 వేయించాను. 2025 అక్టోబరు 14తో ఆ విండోస్ 10కి కంపెనీవారు మామూలుగా పంపే భద్రతా మరమ్మతులు ఆపివేశారు. పేరు నమోదు చేసుకున్నవారికి 2026 అక్టోబరు 13 వరకు గడువు ఇచ్చారు. అది వాయిదాయే గాని పరిష్కారం కాదు. మరమ్మతులు లేకపోతే ఏమవుతుందంటారా? 2017 మే నెలలో వానాక్రై అనే పురుగు కొద్దిరోజులలో సుమారు 150 దేశాల కంప్యూటర్లకు పాకింది. ఇంగ్లండులో ఆసుపత్రుల పని కూడ ఆగిపోయింది. దానికి మందు ఆ మార్చి నెలలోనే విడుదలయింది. దెబ్బ తిన్నవి ఎక్కువగా ఆ మందు వేయించుకోనివే. పెన్షను ఖాతా చూసుకునే యంత్రంతో అటువంటి సాహసం నాకు వద్దనిపించింది.

పోనీ, 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 వేద్దామంటే అది మా యంత్రాన్ని గుమ్మంలోనే ఆపింది. టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు కావాలట. ప్రాసెసరు ఇంటెల్‌వారిదైతే ఎనిమిదవ తరానిది కావాలట, అంటే 2017కు ముందుదైతే పనికిరాదు. ఆ కంపెనీ అధిపతి సత్య నాదెళ్ళ మన తెలుగువారు. వారి తండ్రి యుగంధర్ గారు మన రాష్ట్ర కేడరులో పనిచేసిన ఐ.ఎ.ఎస్. అధికారి. అయినా నిబంధన నిబంధనే గదా!

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే తెలియనివారికి నేను చెప్పే పోలిక హెడ్ గుమాస్తా. తపాలు ఎవరికి పంచాలి, ఏ ఫైలు ఏ బీరువాలో ఉంది, ఎవరి పని ముందు అన్నది ఆయన చూస్తాడు. ఆయన మారితే బల్లలూ కుర్చీలూ అవే ఉంటాయి, పద్ధతి మారుతుంది. ఛార్జి లిస్టు సరిగా వ్రాయకపోతే మాత్రం కొన్ని ఫైళ్ళు మళ్ళీ కంటికి కనబడవు. నాకు జరిగింది అదే.

నేను 1973లో బందరులో ఎల్.డి.సి.గా చేరాను. అధికార భాషా చట్టం 1966లోనే వచ్చినా మా సెక్షనులో ఇంగ్లీషు మిషన్లే ఎక్కువ, తెలుగు మిషను ఒక్కటే ఉండేది. దానిమీద చేయి తిరగడం సామాన్యం కాదు. అక్షరం అంతా ఒక్క మీటలో ఉండదు. తలకట్టు వేరు, గుడి వేరు, కొమ్ము వేరు. ఒత్తు కొడితే క్యారేజి కదలదు. ముక్కలు పేర్చి అక్షరం కట్టాలి.

1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చింది. మరి నాలుగేళ్ళకు మా ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. అందులోనూ తెలుగు కొట్టే పద్ధతి ఆ మిషను పద్ధతే. ఫాంటు తయారుచేసేవారు ఇంగ్లీషు అక్షరాల గదులలో తెలుగు ముక్కలను కూర్చోబెట్టారు. మనకు తెరమీద తెలుగు కనబడుతుంది, యంత్రం మాత్రం అది ఇంగ్లీషే అనుకుంటుంది. ఫాంటు తీసేస్తే ముసుగు తొలగినట్లు లోపలి ఇంగ్లీషు బయటపడుతుంది. పైగా ఒక్కొక్క కంపెనీ ఫాంటులో ఒక్కొక్క గది.

దీనికి విరుగుడు 1991లోనే యూనికోడ్ రూపంలో వచ్చింది. ప్రపంచ భాషల అక్షరాలకు తలా ఒక శాశ్వత నంబరు, మన సర్వీసు రిజిస్టరు నంబరు వంటిది. తెలుగుకు 128 గదులు కేటాయించారు. అందులో 'అ' నంబరు 3077. ఏ దేశంలో, ఏ యంత్రంలో తెరిచినా 3077 అంటే 'అ' తప్ప మరొకటి కాదు. విండోస్‌లో ఈ పద్ధతిన తెలుగు 2001లో ఎక్స్‌పీతో వచ్చింది, గౌతమి అనే ఫాంటుతో సహా. అయినా డి.టి.పి. షాపులు, ఆఫీసులు పాత ఫాంట్లనే పట్టుకుని ఉండిపోయాయి. నేనూ అంతే. అలవాటు మరి.

2009లో నేను రిటైరయిన కొత్తలో మా పూర్వపు సెక్షన్ సూపరింటెండెంటు గారు తన సర్వీసు జ్ఞాపకాలు టైపు చేయమని కాగితాలు ఇచ్చారు. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత ఆయన అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతాలలో సహాయ డ్యూటీ చేశారు. ఏ ఊరిలో ఎన్ని కుటుంబాలకు బియ్యం పంచారు, ఏ ఇంట్లో ఎవరు మిగిలారు, పేర్లతో సహా వ్రాసుకున్నారు. అరవై నాలుగు పేజీలు అయింది. నేను కొట్టినది పాత ఫాంటులోనే. 2013లో ఆయన కాలం చేశారు. చేతివ్రాత ప్రతిని చెదలు తిన్నాయి.

విండోస్ 10ను ఒక ఏడాది ఉచితంగా ఇస్తున్నారని 2016లో ల్యాప్‌టాపును ఒక షాపులో ఇచ్చాను. అతడు డిస్కు అంతా తుడిచి కొత్తది వేశాడు. ఫైళ్ళు వేరేచోట దాచి తిరిగి పెట్టాడు గాని ఫాంట్లను దాచలేదు. దాచేటప్పుడు కొన్నింటిని మరో రూపంలోకి మార్చాడు కూడ. ఇంటికి వచ్చి సూపరింటెండెంటు గారి ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ప్రశ్నార్థకాలు. ఫైలు చెడిపోయిందనుకున్నాను. వారి ఇంటికి వెళ్ళి "వదినగారూ, అన్నగారి పుస్తకం పోయిందండీ" అని చెప్పాను. ఆవిడ ఒక్కమాట అనలేదు. కాఫీ ఇచ్చి పంపారు. తొమ్మిదేళ్ళు ఆ వీధిన వెళ్ళాలంటే కాళ్ళు వచ్చేవి కావు.

ఈసారి పని మా మనవడు చేశాడు. ముందుగా, "తాతయ్యా, నీ ఛార్జి లిస్టు వ్రాయి" అన్నాడు. ఇద్దరం కూర్చుని ప్రతి ఫైలూ తెరిచి చూసి, రెండు వేర్వేరు డిస్కులలోకి ఎక్కించి టిక్కులు పెట్టాము. అప్పుడు ఆ ఫైలు వాడి కంట పడింది. "ఇది పాడవలేదు తాతయ్యా, దీని ఫాంటు లేదంతే" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

బజారులో ఒక పాత డి.టి.పి. షాపులో ఇంకా ఎక్స్‌పీ యంత్రం ఒకటి నడుస్తోంది. ఇంటర్నెట్టు తగిలించలేదు గనుక దాని జోలికి ఏ పురుగూ రాలేదు. ఆ ఫాంటు అక్కడ దొరికింది. పాత గదుల నుండి యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాముతో మనవడు ఫైలును మార్చాడు. ల్యాప్‌టాపుకు మెమరీ 4 నుండి 8 జి.బి. చేసి, పాత డిస్కు స్థానంలో ఎస్.ఎస్.డి. పెట్టి, లైనక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేశాడు. ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టిన లైనక్స్ దానికి పునాది. ఇప్పుడు వేసిన దానికి 2029 వరకు మరమ్మతులు వస్తాయి. మొదటి వారం బ్యాంకు పేజీ ఎక్కడ తెరవాలో తెలియక మనవడిని విసిగించాను గాని, యంత్రం మాత్రం కొన్ననాటికన్న చురుకుగా ఉంది.

మార్పిడిలో ఒత్తులు పక్క అక్షరాల కిందికి పోయాయి. మూడు వారాలు పంక్తి పంక్తి దిద్దాను. అనుమానమున్న చోట వదినగారికి చదివి వినిపించాను. ఎనభై ఒకటి దాటినా ఆవిడకు భర్త చెప్పిన సంగతులు చాలావరకు గుర్తున్నాయి. ప్రింటు తీసి ఇచ్చిన రోజున కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ చదివి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ రోజూ కాఫీ ఇచ్చారు.

ప్రశ్నార్థకాలుగా మారినవి మాత్రం ఏ ఫాంటుకూ లొంగలేదు. చాలావాటిని వాక్యాన్ని బట్టి పూరించాను. 41వ పేజీలో ఒక ఊరి పేరు వద్ద చివరి 'పాలెం' ఒక్కటే మిగిలింది. ఆ సీమలో పాలేలకు కొదవేముంది? ఆ ఊరిలో ఆయన పదకొండు కుటుంబాలకు బియ్యం ఇచ్చారు. ఊరికి వెళ్ళడానికి దారి లేక పడవ మీద వెళ్ళినట్లు వ్రాశారు. 1977 నవంబరు, డిసెంబరు నెలలలో దివిసీమ సహాయ డ్యూటీలో ఉన్న సోదరులెవరికైనా, వారి పిల్లలకైనా ఆ ఊరు తెలిస్తే సంఘం ఆఫీసులో చెప్పి పంపగలరు. ఆ చోటు ఖాళీగా ఉంచి ప్రింటు తీయించాను.