శాంతా తెరెసా కోట

ఉరుగ్వే తూర్పు కొసన, బ్రెజిల్ సరిహద్దు పట్టణమైన చుయ్‌కి దక్షిణంగా, అట్లాంటిక్ తీరాన ఉన్న రాతి దుర్గం. సముద్రానికీ లగూనా నెగ్రా సరస్సుకూ నడుమనున్న సన్నని నేలపట్టీ మీదుగానే బాట సాగేది కనుక, ఆ ఇరుకుదారిని అదుపులో ఉంచుకునేందుకు పోర్చుగీసువారు 1762లో కోట కట్టడం మొదలుపెట్టగా, మరుసటి ఏడే పెద్రో దె సెబాయోస్ నాయకత్వాన స్పెయిన్ సేన దానిని వశపరచుకుని నిర్మాణం కొనసాగించింది. పంచకోణాకృతిలో ఉన్న ఈ కోటకు మూలమూలనా బురుజులు, అంటే రెండు పక్కల గోడలనూ కాచేలా బయటికి పొడుచుకువచ్చిన ఫిరంగి స్థావరాలు ఉన్నాయి.

సరిహద్దు పోరు సద్దుమణిగాక కోట పాడుబడింది. గాలికి కదిలే ఇసుకమేటలు గోడలను కమ్మేశాయి. 1920ల చివర ఓరాసియో అర్రెదొందో పూనికతో సాగిన పునరుద్ధరణలో అన్నిటికంటే మెచ్చదగినది, రాళ్లను తిరిగి నిలబెట్టడంతో ఆగక, చుట్టూ విస్తారంగా చెట్లు నాటి ఇసుకను కట్టడి చేయడం. నేటి జాతీయవనం ఆ కృషి ఫలమే.

లోపల మందుగుండు కొట్టు, చిన్న చర్చి, సైనికుల నివాసాలు చూడవచ్చు. అయితే కోట పనితనం తెలియాలంటే ప్రాకారం పైకెక్కి, బురుజు కొనన గోపురపు కప్పుతో ఉన్న కావలి గూటిని దగ్గరగా చూడాలి: ఒక మనిషి మాత్రమే పట్టే ఆ గూటి సన్నని కంతలలోంచి కావలివాడు తాను చాటున ఉండి బయటి దారిని కనిపెట్టేవాడు.