కైఫీయత్తులు - కథాప్రామాణ్యము

చరిత్రపరిశోధకులకు శాసనములయందు గల గౌరవము గ్రామకథలయందు సాధారణముగా లేదు. శాసనము శకవర్షమును, దాతను, ప్రతిగ్రహీతను చెప్పును. కథ ముక్కంటిరాజును చెప్పును. కావున కైఫీయత్తులనుండి పన్నులను, మాన్యములను, ఎల్లలను మాత్రము గ్రహించి, తక్కినదానిని పుక్కిటిపురాణమని త్రోసివేయుట వాడుకయైనది. ఈ వాడుక యెంతవఱకు యుక్తమో విచారింపదగియున్నది.

కాలిన్ మెకంజీ 1783లో చెన్నపట్టణమునకు వచ్చి, 1815లో భారతదేశమునకెల్ల సర్వేయరు జనరలై, 1821లో మరణించెను. ఆయన పేర వెలసిన సంచయము చాలవఱకు ఏలూరి కావలి సోదరుల శ్రమఫలము. ప్రాచీనలిపులను చదువుటలో నిపుణుడగు వెంకట బొఱ్ఱయ్య 1803లో అకాలమరణము నొందగా, సోదరుడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. వారి యనుచరులు ఊరూర కరణములను, వృద్ధులను అడిగి, కవిలెలు చూచి వ్రాసికొనిరి. భాష వ్యావహారికము, పారసీకపదములు మెండు. పండితులు దీనికి ముఖము చిట్లించుట కలదు గాని, చెప్పినవారి గొంతు నిలిచినది ఆ భాషవలననే. మెకంజీ యనంతరము లక్ష్మయ్య ఆ పనిని కొనసాగింప గోరగా కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారు సమ్మతింపరైరి. శిథిలమగుచున్న వ్రాతలకు సి. పి. బ్రౌను ప్రతులు వ్రాయించుటచే వానిలో పెక్కు మనకు దక్కినవి.

ముక్కంటి యనబడు త్రిలోచనపల్లవుడు బ్రాహ్మణులను రప్పించి అగ్రహారము లిచ్చెనని పెక్కు కైఫీయత్తులు చెప్పుచున్నవి. ఇది కల్పన యని విడువవచ్చునా? 11వ శతాబ్దపు తూర్పుచాళుక్యుల తామ్రశాసనములే, అయోధ్యనుండి వచ్చిన తమ మూలపురుషుడు త్రిలోచనపల్లవునితో పోరి మడిసెనని చెప్పుచున్నవి. రాగిఱేకున నెక్కినంతమాత్రమున కథ కథ కాకపోదు. రాజవంశమునకును అగ్రహారమునకును ప్రాచీనతను స్థాపించుటకు ఒక్కరాజే యేల కావలసివచ్చె నన్నదే యిచట అడుగదగిన ప్రశ్న. దానికి ఉత్తరము పల్లవులకాలమున గాక, కథ చెప్పినవారి కాలమున దొరకును.

వ్యాకరణశాస్త్రమున ఈ వివేకము పూర్వమే కలదు. యవనుడు సాకేతమును ముట్టడించె ననుచోట పతంజలి లఙ్‌ను చూపెను: అది వక్త చూడకున్నను, లోకవిదితమై, అతడు చూడగలిగిన కాలమునాటిది. కంసవధకు లిట్టును, దానితో 'కిల' శబ్దమును చూపెను. మొదటి యుదాహరణమును బట్టియే పతంజలి క్రీ. పూ. 2వ శతాబ్దివాడని విద్వాంసులు నిర్ణయించిరి. క్రియారూపము సంఘటనమును మాత్రమే కాదు, దానికిని వక్తకును గల దూరమును గూడ తెలుపును. తెలుగున 'అట' యనునది ఆ 'కిల'కు సమానమే. కైఫీయత్తును చదువువాడు కరణము ఎచట 'అట' యనుచున్నాడో, ఎచట తానెఱిగినట్లు చెప్పుచున్నాడో గుర్తింపవలెను.

వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యంగార్లు 2001లో ప్రకటించిన గ్రంథమున ఇట్టిమార్గమునే విస్తరించిరి: దక్షిణదేశమున చరిత్ర ప్రత్యేకప్రక్రియగా గాక, ఆయా కాలములందు ప్రచారముననున్న ప్రక్రియలలోనే వ్రాయబడెననియు, రచనాసరళిని బట్టి నాటి పాఠకులు దానిని గుర్తించుచుండిరనియు వారి వాదము. ఇది చాలవఱకు అంగీకార్యము. అయినను ఒక జాగ్రత్త యవసరము. అడుగ వచ్చినవాడు సర్కారు మనిషి. చెప్పువానికి మాన్యము నిలుపుకొను చింత గలదు. పైగా కైఫీయత్తులలో వినబడునది ప్రధానముగా కరణముల, అర్చకుల, అగ్రహారీకుల మాట. అదే యూరి కథను స్త్రీలును, ఊరివెలుపలి పల్లెలవారును ఎట్లు చెప్పుకొనిరో వానిలో కానవచ్చుట అరుదు.