సీతమ్మగారి సంతకం

సర్కారువారు ఒక్కోసారి ఏమరుపాటున కూడా మేలు చేసేస్తుంటారు సుమండీ! 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అదే జరిగింది. ఒక చేత్తో సారా వేలంపాటలు పెట్టి ఖజానా నింపుకుంటూ, రెండో చేత్తో పల్లెల్లో రాత్రిబడులు తెరిచి ఆడవాళ్ళకి పలకా బలపం ఇచ్చారు. వాచకంలో ఓ పాఠం, తోటి ఆడవాళ్ళని కూడగట్టి ఊళ్ళో సారా కొట్టు మూయించిన సీతమ్మ కథ.

చదివేసి ఊరుకోవడానికి వాళ్ళేమన్నా పరీక్షకి చదివే పిల్లలా? 1992లో దూబగుంట ఆడవాళ్ళు నిజంగానే కొట్టు మూయించారు. ఆ సంగతీ వాచకంలోకెక్కింది. పక్క ఊళ్ళు చదివాయి. చీపుళ్ళు, కారప్పొడి బయటికొచ్చాయి. వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా బంద్! 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తూనే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు.

1997లో ఖజానాకి మళ్ళీ దాహం వేసింది, నిషేధం సడలింది.

చరిత్రలో ఆ సంతకం పెట్టినవారి పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది. పెట్టించింది మాత్రం తమ సంతకం అప్పుడప్పుడే నేర్చుకున్నవాళ్ళు. నిషేధం ఎత్తేశారు సరే, నేర్పిన అక్షరాన్ని వెనక్కి పుచ్చుకునే జీవో ఏదీ?