మాస్కు ఆజ్ఞ – బడిగది వాస్తవం

బడిపిల్లలకు మాస్కు తప్పనిసరి చేసిన ఆజ్ఞ ఫలించిందా, లేదా అన్న ప్రశ్న కరోనా సంవత్సరాలు గడిచిన తరువాత కూడా ఉపాధ్యాయుల నడుమ తెగని తగవుగానే మిగిలింది. ఒకరు దానిని విజ్ఞానశాస్త్ర విజయమంటారు. మరొకరు వట్టి తంతు అంటారు. ఇద్దరూ మాస్కును చూస్తున్నారు గాని, ఆ మాస్కుతో పిల్లవాడు కూర్చున్న గదిని చూడడం లేదని నా అభిప్రాయం.

ముఖం కప్పుకొని వ్యాధిని ఎదుర్కొనడం కొత్త సంగతి కాదు. 1910–11లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు ప్రబలినప్పుడు వైద్యుడు వూ లియన్-తే దూదినీ గాజుగుడ్డనూ మాస్కులుగా కట్టించాడు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మాస్కును చట్టం చేసింది. 1919 జనవరిలో అక్కడే మాస్కు వ్యతిరేక సంఘం పుట్టింది. అనగా ఆజ్ఞ ఎంత పాతదో దానిపై వివాదమూ అంత పాతదే.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 2020 ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్టు చుట్టూ వ్యాధి అల్లుకొని, జిల్లాలో కేసులు 80 దాటాయి. కోదాడ దగ్గర రాష్ట్ర సరిహద్దులో వాహనాలు ఆగిపోయాయి. మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం మాస్కు లేనివారికి 1000 రూపాయల జరిమానా విధించింది. బడులు 2021 ఫిబ్రవరిలో పై తరగతులకు తెరుచుకొని, మార్చి 24న మూతబడి, సెప్టెంబరు 1న మళ్ళీ తెరుచుకున్నాయి. తెరిచిన ప్రతిసారీ మాస్కు నిబంధన వెంట వచ్చింది. మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసే హమాలీ తన పిల్లలకు రోజుకొక మాస్కు ఎక్కడినుండి తెచ్చి ఇవ్వగలడు? ఒకే గుడ్డ ఉదయం నుండి సాయంత్రం దాకా చెమటతో తడిసి గడ్డం కిందికి జారితే, తప్పు ఆ పిల్లవానిదా?

పరిశోధనలు ఏమంటున్నాయి? బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో, సుమారు 3 లక్షల 40 వేల మంది పెద్దవారిపై జరిగిన ప్రయోగంలో మాస్కులు ఉచితంగా పంచి, వాడుక నేర్పి, నచ్చచెప్పగా, ధరించేవారు నూటికి 13 నుండి 42కు పెరిగారు; లక్షణాలతో కూడిన వ్యాధి సుమారు 9 శాతం తగ్గింది. పిల్లల సంగతి ఇంత స్పష్టం కాదు. స్పెయిన్‌లోని కాటలోనియాలో మాస్కు లేని 5 ఏళ్ల పిల్లలనూ, మాస్కు తప్పనిసరైన 6 ఏళ్ల పిల్లలనూ పోల్చగా చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. బోస్టన్ పరిసరాల్లో మాత్రం 2022లో నిబంధన ఎత్తివేసిన బడుల్లో 15 వారాల్లో వెయ్యిమందికి సుమారు 45 కేసులు అదనంగా వచ్చాయని ఒక అధ్యయనం తేల్చింది. అదే అధ్యయనం మరొక యథార్థాన్నీ బయటపెట్టింది: నిబంధనను ఎక్కువకాలం నిలుపుకొన్నవి, భవనాలు పాతబడి, గదులు కిక్కిరిసి, పేదపిల్లలు ఎక్కువగా చదివే బడులు.

ఇక్కడే విషయం తేటపడుతుంది. గాలి ఆడని గదికి మాస్కు ఒక ప్రత్యామ్నాయం. మేలు కొంత ఉన్నది, కాదనను, ముఖ్యంగా పెద్దపిల్లలకు. కాని ఆజ్ఞ ఇచ్చినంత సులువుగా పాలకులు కిటికీలు, అదనపు గదులు, నీళ్ళకుళాయిలు ఇవ్వరు. ఆజ్ఞకు ఖర్చు లేదు. దాని భారం పిల్లవాని ముఖంమీద పడుతుంది.

మాస్కు అక్కరలేదనేవారు కూడా ఈ లెక్క చూడాలి. ప్రథమ్ సంస్థ 'అసర్' సర్వే ప్రకారం తెలంగాణ పల్లెల్లో రెండవ తరగతి పాఠం చదవగలిగిన మూడవ తరగతి పిల్లలు 2018లో నూటికి 18.1 మంది; 2022లో 5.2 మంది. బడి మూత పేదపిల్లల చదువును ఎంతగా మింగిందో ఇదే సాక్ష్యం. బడి తెరిచి ఉంచడానికి మాస్కు ఏ కొంచెం తోడ్పడినా దానిని వద్దనలేము.

కనుక మనం అడగవలసినది మాస్కు కావాలా, వద్దా అని కాదు. మాస్కు ఉచితంగా ఇవ్వండి, గాలి వచ్చే గది కట్టించండి, ఆ తరువాతనే ఆజ్ఞ ఇవ్వండి అని అడగాలి. సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాలు 1946–51 పోరాటంలో భూమి హక్కుగా అడిగాయి. పిల్లలు పీల్చే గాలిని కూడా హక్కుగానే అడగాలి.