శివరాత్రి గడ్డ ఎక్కడిది?

శివరాత్రి దగ్గర పడిందంటే బజారులో తోపుడుబండ్ల మీదికి ఎర్రగా చిలగడదుంపలు వస్తాయి గదా. మా ఉదయగిరి, ఆత్మకూరు వైపు వీటిని గెణుసుగడ్డలంటాం. ఉపవాసం నాడు అన్నం ముట్టని అత్తగార్లు గూడా ఉడికించిన గెణుసుగడ్డ తింటారు. ఇంత మడిగా మనింట్లో చేరిన ఈ గడ్డ మన దేశానిది కాదంటే నమ్ముతారా?

శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి, 1514లో ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలుచుకున్నారు. అన్నాళ్ళు కొండ కింద కాచుకున్న సైనికులు ఏం వండుకు తిన్నారో గాని, గెణుసుగడ్డ మాత్రం తిని వుండరు. ఇది సముద్రం అవతల అమెరికా ఖండానిది. (మిరపకాయ గూడా అక్కడిదే!) 1492లో కొలంబస్ ఓడలు వెళ్ళివచ్చిన తరువాతే స్పెయిను చేరింది. ఆ పైన పోర్చుగీసు ఓడల్లో మన రేవులకు వచ్చిందని చరిత్రకారులు చెబుతారు.

దీన్ని జనం ఆదరించింది రుచికన్నా ఆకలికి. విత్తనం అక్కర్లేదు, తీగ ముక్క నాటితే నాలుగు నెలల్లో గడ్డ వూరుతుంది. జపానులో 1732లో పెద్ద కరువు వచ్చింది. దాని తరువాత ఆయోకి కొన్యో అనే పండితుడు ఈ పంటను ప్రభుత్వం చేత పెట్టించాడు. అక్కడివాళ్ళు ఆయన్ని చిలగడదుంప పంతులుగారనే పిలుచుకున్నారు.

మనకూ 1876-78లో ధాత కరువు వచ్చింది. నెల్లూరు జిల్లా గూడా దాని దెబ్బ తిన్నది. ఆ కరువు చూసినవాళ్ళ చేతుల్లో పెరిగింది మా అవ్వ. అందుకేనేమో, గడ్డ కొనేటప్పుడు ఆమెతో బేరం పడడం మహా కష్టం. తోక చివర పుటుక్కున విరిచేది. తెల్లగా పాలు కారితే కొత్తగడ్డ, లేకపోతే తవ్వి చాలా రోజులైందన్నమాట. అంగడివాడు గొణిగినా లెక్కచేసేది కాదు.

మీరూ చూడండి. గడ్డ గట్టిగా, తోలు బిగువుగా వుండాలి. సూది గుచ్చినట్టు సన్నటి బెజ్జాలుంటే ముక్కుపురుగు దూరిందని అర్థం. అలాంటిది సగం ధరకిచ్చినా వద్దు. పురుగు తొలిచిన గడ్డలో చేదు పుడుతుంది, ఉడికించినా పోదు. బూజు పట్టిన గడ్డలు పశువులకూ వేయకండి, వాటి వూపిరితిత్తులు చెడతాయి. ఈ సంగతి తెలియక చాలామంది ఇంటి ముందుకొచ్చే ఆవుకు పెట్టేస్తుంటారు.

ఇంటికి తెచ్చాక కడగకండి, ఫ్రిజ్‌లోనూ పెట్టకండి. చలికి లోపల గట్టిపడి, ఎంత ఉడికించినా మెత్తబడదు. వెదురుబుట్టలో గాలి తగిలేలా నాలుగు రోజులుంచితే తీపి ఎక్కుతుంది. మా అవ్వ శివరాత్రికి వారం ముందే కొనేది అందుకే.