రొమ్ము శస్త్రచికిత్స అనంతర నరాల నొప్పి

రొమ్మును పూర్తిగా గానీ, గడ్డ మేరకు గానీ తొలగించిన తరువాత ఛాతీ, చంక, చేతి పైభాగపు లోపలివైపు 3 నెలలు దాటినా తగ్గని నొప్పిని రొమ్ము శస్త్రచికిత్స అనంతర నరాల నొప్పి అంటారు. వైద్య సాహిత్యంలో దీని ప్రస్తావన 1970ల నుంచి ఉంది. డెన్మార్క్‌లో 3,253 మంది స్త్రీలపై జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో 47 శాతం మంది నొప్పి ఉందని చెప్పారు.

చంకలోని లింఫ్ గ్రంథులను తీసేటప్పుడు ఇంటర్‌కాస్టోబ్రేకియల్ నరం తెగడం లేదా సాగడం దీనికి ప్రధాన కారణం. ఈ నరం పక్కటెముకల మధ్య ఉండే రెండో నరం నుంచి చీలి, చంకకూ చేతి లోపలివైపు చర్మానికీ స్పర్శనిస్తుంది. మంట, పోట్లు, తిమ్మిరి ముఖ్య లక్షణాలు. కొందరిలో రవిక చంక కుట్టు ఒరుసుకున్నా నొప్పి పుడుతుంది. దీన్ని అల్లోడైనియా అంటారు. తొలగించిన రొమ్ము ఉన్నట్టే అనిపించే భ్రాంతి నొప్పి ఈ నరాల నొప్పికి భిన్నమైనది.

చికిత్సలో గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ మందులు, లిడోకైన్ పట్టీలు, భుజం వ్యాయామాలు వాడుకలో ఉన్నాయి. డ్యులోక్సెటిన్ రొమ్ము క్యాన్సర్ మందు టామోక్సిఫెన్ ప్రభావాన్ని తగ్గించే అవకాశం ఉన్నందున ఆ రెంటినీ కలిపి ఇచ్చేటప్పుడు జాగ్రత్త అవసరం. గాయం మానాక పట్టు, నూలు, తువ్వాలు వరుసలో రోజూ కొన్ని నిమిషాలు చర్మంపై రుద్దడం వల్ల స్పర్శకు అలవాటు పెరుగుతుంది. తిమ్మిరి ఉన్నచోట వేడి కాపడం పెడితే చర్మం కాలినా తెలియకపోవచ్చు. శస్త్రచికిత్సలో చంకలోని గ్రంథులన్నీ తీయకుండా సెంటినెల్ గ్రంథి పరీక్షతో సరిపెట్టినప్పుడు నరానికి హాని తక్కువ.